మూరెడు తగ్గిన గీత

పిలో బాల్దొనాదో పాదాలు చూసి పక్క పట్నం లుసేనా బజారులో చెప్పులమ్మే ఆవిడ సిలువ గుర్తు వేసుకుందని తాలిసాయ్ ఊళ్ళో ఇప్పటికీ చెబుతారు. అంత వెడల్పు పాదాలు. వేళ్ళు విసనకర్రలా విచ్చుకుని, ఒక్కో వేలికీ ఒక్కో అభిప్రాయం ఉన్నట్టు తలో దిక్కూ చూసేవి. నేల మీద పడిన సూదిని వంగకుండా వేళ్ళతోనే ఏరేవాడట. ఒకసారి పూజ మధ్యలో ముందు వరుసలోని ముసలావిడ జపమాల జారిపడితే కాలితోనే ఎత్తి ఒళ్ళో పెట్టాడనీ, అది చూసి ఫాదర్ రూబెన్ ప్రసంగంలో సగం మరిచిపోయాడనీ అంటారు. జపమాల సంగతి అబద్ధం కావచ్చు. సూది సంగతి మాత్రం నిజం.

ఆ పాదాలు అలా తయారవడానికి కారణం కొబ్బరిచెట్లు. పిలోది గీత పని. పద్నాలుగో ఏట మొదలుపెట్టాడు. పొద్దునా సాయంత్రం చెట్లెక్కి, గెల కొసను పల్చగా చెక్కి, వెదురు గొట్టంలోకి కల్లు దించాలి. కాండం మీద కత్తితో కొట్టిన గంట్లే మెట్లు. చూపంతా పైన గెల మీదే ఉంటుంది కాబట్టి ఏ గంటులో ఏ కాలు పెట్టాలో కాళ్ళే తేల్చుకోవాలి. రెండు పనులకూ మధ్య మధ్యాహ్నమంతా ఖాళీ. ఆ ఖాళీలో తాలిసాయ్‌లో మగవాళ్ళు చేసే పని ఒకటే. చర్చి పక్కన సిమెంటు కోర్టులో బాస్కెట్‌బాల్ ఆడటం. బూట్లు ఉన్నవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. రబ్బరు చెప్పులతో ఆడేవారు. చెప్పు తెగితే ఒంటి చెప్పుతో ఆడేవారు. పిలో మాత్రం ఉత్త కాళ్ళతోనే ఆడేవాడు. లోపల్నుంచి వేస్తే రెండు పాయింట్లు, బయట్నుంచి వేస్తే మూడు ఇచ్చే గీత ఒకటి కోర్టులో ఉంటుంది. ఆ గీత బయట నిలబడి అతను ఎగరేసిన బంతి రింగును తాకకుండా వలలోంచి జారేది. చేపల బుట్టలో చేప జారినట్టు చప్పుడయ్యేది.

ఇరవై రెండో ఏట లుసేనాలో నూనె మిల్లు జట్టువాళ్ళు ఆటగాళ్ళను ఎంచుకుంటున్నారంటే వెళ్ళాడు. అక్కడ బూట్లు లేనిదే కోర్టులోకి రానివ్వరు. బావ దగ్గర అడిగి తెచ్చుకున్నాడు. ఆ బూట్లలో వేళ్ళకు నేల దొరకలేదు. బాస్కెట్‌బాల్‌లో బంతి పట్టుకుని ఆగాక ఒక కాలు నేలకు మేకు కొట్టినట్టు ఉండాలి. రెండోదే కదలాలి. మేకు కాలు కదిలితే ఈల వేసి బంతి లాక్కుంటారు. పిలోకు మూడుసార్లు బంతి వచ్చింది. మూడుసార్లూ ఈల మోగింది.

ఆ జట్టు కోచ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "చేతులు దేవుడిచ్చాడు తమ్ముడూ. కాళ్ళు మాత్రం వేరే ఎవరివో తగిలించుకొచ్చావ్."

పిలో ఆ మాటను ముప్పై ఏళ్ళు మోశాడు. పెళ్ళి చేసుకోలేదు. నలభై అయిదో ఏట వానకు నానిన చెట్టు మీద నుంచి జారి మోకాలు విరగ్గొట్టుకున్నాక చెట్లెక్కడం మానేశాడు. ఊరి పెద్దను అక్కడ కెప్టెన్ అంటారు, ముద్దుగా కాప్. అప్పటి కాప్ జాలిపడి కోర్టు ఊడ్చే పని ఇచ్చాడు. చేతిలో చీపురు, ముందు ఖాళీ కోర్టు. పిలోకు తన కాళ్ళ గురించి ఆలోచించుకోవడానికి కావలసినంత తీరిక దొరికింది. ఒకటి మాత్రం తేల్చుకున్నాడు. బుట్ట పడేది చేతుల వల్ల కాదు. చేతులు చివర్లో వచ్చి పేరు కొట్టేస్తాయి. పని చేసేవి కాళ్ళు.

ఈ సంగతి నేర్పడానికి అతనికి దొరికిన మనిషి జొవెలిన్, నేనా అనే అతని చెల్లెలి కూతురు. నేనా మొగుడు పడవతో వెళ్ళి తిరిగి రాలేదు. ఆమె కొబ్బరి తురుము ఫ్యాక్టరీలో కాయల పెచ్చు చెక్కే పనికి వెళ్ళేది. పదమూడేళ్ళ జొవెలిన్ ఒకనాడు ఇంట్లో నేల రుద్దుతుంటే పిలో గుమ్మంలో నిలబడి చూశాడు. తాలిసాయ్‌లో చెక్క నేలను కొబ్బరి డొప్పతో రుద్దుతారు. డొప్పను బోర్లించి దాని మీద ఒక కాలు పెట్టి, ముందుకూ వెనక్కూ జార్చాలి. రెండో కాలు ఉన్నచోటే ఉండాలి. ఆ పిల్ల నిలబెట్టిన కాలు నిజంగానే మేకులా ఉంది.

మర్నాటి నుంచి చర్చి నేల, బడి నేల, ఇరుగుపొరుగు ఇళ్ళ నేలలు అన్నీ జొవెలిన్ పాలయ్యాయి. ఎడమ కాలి మీద నూరుసార్లు, కుడి కాలి మీద నూరుసార్లు.

"తియో, బంతి ఎప్పుడిస్తావ్?" అంది నాలుగో రోజు. తియో అంటే మావయ్య.

"నేల మెరిసినప్పుడు."

"మెరుస్తూనే ఉంది. నీ బట్టతల కూడా కనిపిస్తోంది దాంట్లో."

"తల కనిపిస్తే చాలదు. తలలో ఉన్నది కూడా కనిపించాలి."

"అయితే ఈ జన్మకి బంతి లేనట్టే."

బంతి మూడు నెలలకు ఇచ్చాడు. ఆ తరవాత ఇసా, దలవా. అంటే ఒకటి, రెండు. బంతి చేతికి తగిలే క్షణానికి ఎడమ కాలు దిగాలి, అది ఇసా. దాని పక్కకు కుడి కాలు, అది దలవా. మోకాళ్ళు ముందే వంగి ఉండాలి. బొటనవేళ్ళు రింగు వైపు కాస్త ఏటవాలుగా చూడాలి. మడమ నేలకు ఆనీ ఆననట్టుండాలి. ఎగిరినచోటే దిగాలి. బొటనవేలు గీతకు అంగుళం వెనక ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, గీత ఎక్కడుందో కిందికి చూడకూడదు.

"చూడకపోతే ఎలా తెలుస్తుంది?"

"చెట్టు మీద గంటు చూసుకుని ఎక్కుతామా? పాదానికి లెక్క నేర్పాలి."

ఆ లెక్క ఒక వేడుకలా జరిగేది. ఏటా పుట్టినరోజున జొవెలిన్ చెప్పులు విప్పి, రింగు కింద నుంచి గీత దాకా మడమకు వేలు ఆనిస్తూ నడిచేది. పద్నాలుగో పుట్టినరోజుకు ముప్పై ఒక్క పాదాలు వచ్చాయి. పిలో పాదాలతో అయితే ఇరవై ఏడు. అది ముప్పై ఏళ్ళుగా ఇరవై ఏడే.

ఆ తరవాత ఎన్నికలు వచ్చాయి. ముందటి కాప్ పేరు లిమ్. ఇంగ్లిషులో మూడే అక్షరాలు. కోర్టు నేల మీద కాప్ పేరు రాయడం ఊరి ఆనవాయితీ. మధ్యలో ఆ పేరు ఇన్నాళ్ళూ ఎవరికీ అడ్డం లేకుండా ఒదిగి ఉండేది. గెలిచిన కొత్తాయన పేరు గౌరవనీయ హెర్మెనెహిల్దో 'బాయ్' ఎవాంగెలిస్టా. మొదటి అక్షరం దగ్గర బయలుదేరిన కోడిపిల్ల చివరి అక్షరం చేరేసరికి పెట్టయి గుడ్డు పెడుతుందని ఊళ్ళో అనుకునేవారు. ఆయన కోర్టుకు కొత్త రంగు వేయించాడు. జీపుల మీద బొమ్మలు వేసే బెర్తో వచ్చి, కోర్టుకు రెండు వైపులా గీత అవతల నేల మీద ఆ పేరును మనిషి పడుకున్నంత ఎత్తు అక్షరాలతో రాశాడు.

రంగు ఆరిన రోజు ఊడుస్తూ ఊడుస్తూ పిలో ఒక బంతి వేసి చూశాడు. గీత దగ్గర తన పాత చోటు, పాత అడుగులే. బంతి రింగు దాటి వెనక పలకకు కొట్టుకుని వచ్చి అతని ఛాతీకి తగిలింది. ఇంకొకటి వేశాడు. అదీ అంతే. చీపురు పక్కన పెట్టి రింగు కింద నుంచి నడిచాడు. ఇరవై అయిదు. మళ్ళీ నడిచాడు. ఇరవై అయిదు. రెండో వైపుకు వెళ్ళి నడిచాడు. అక్కడా అంతే. గీత మూరెడు లోపలికి, రింగు వైపు వచ్చేసింది.

ఆఫీసులో కాప్ అరిటాకు ఎత్తి సేమ్యాను నేరుగా నోట్లోకి జార్చుకుంటున్నాడు.

"కాప్, గీత లోపలికొచ్చింది."

"ఏ గీత?"

"మూడు పాయింట్లది. రెండు పాదాలు. అటు వైపూ, ఇటు వైపూ."

"ఓ, అదా. బెర్తో నన్నడిగాడు. పేరు చిన్నది చెయ్యనా, గీత జరపనా అని. మా నాన్న పెట్టిన పేరు నేనెలా చిన్నది చేస్తాను, మాంగ్ పిలో?" మాంగ్ అంటే అక్కడ పెద్దవాళ్ళను గౌరవంగా పిలిచే మాట.

"బాయ్ తీసేస్తే సరిపోయేది."

"బాయ్ తీసేస్తే నేనెవరో ఓట్లేసినవాళ్ళకి తెలీదు." కాప్ ఆకు మడిచి మూతి తుడుచుకున్నాడు. "సరేగానీ, మీ అమ్మాయికి బుట్టలు ఎక్కువ పడుతున్నాయా, తక్కువా?"

"ఎక్కువే."

"మా వాళ్ళకీ ఎక్కువే. ఫాదర్‌కి కూడా పడుతున్నాయి. నా వల్ల ఊళ్ళో ఒక్కడన్నా ఏడుస్తున్నాడా? ఉండు, నీకోసం ఒకటి తెప్పించాను."

బీరువాలోంచి పసుపు చొక్కా తీశాడు. వీపు మీద కోచ్ పిలో అని ఉంది. ముందు వైపు, సహజంగానే, కాప్ పూర్తి పేరు.

పిలో చొక్కాను రెండు చేతులతో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తిరిగి మడత పెట్టి ఇచ్చేయడానికి అదే సమయం. ఇవ్వలేదు. ముప్పై ఏళ్ళ కింద ఒకడు తన కాళ్ళను వేరేవాళ్ళవన్నాడు. ఇప్పుడు ఒక చొక్కా తనను కోచ్ అంటోంది. తొడుక్కుని ఇంటికి వెళ్ళాడు. ఆ వీధిలో కుక్కలు కూడా ఆ రోజు మొరగలేదని అతని నమ్మకం.

ఆ నెలలోనే జొవెలిన్ పదిహేనో పుట్టినరోజు వచ్చింది. చెప్పులు విప్పి రింగు కింద నుంచి నడిచింది.

"ఇరవై ఎనిమిది." ఆగి మావయ్య వైపు చూసింది. "మూడు తగ్గాయి. పాదం పెరిగిందా, తియో?"

"పెరిగింది," అన్నాడు పిలో.

ఆమె పాత చెప్పులే తొడుక్కుంది. సరిగ్గానే పట్టాయి.

ఊళ్ళో అందరికీ బుట్టలు పడసాగాయి. ఒకడు కొత్త బంతి మహిమ అన్నాడు. ఒకడు విటమిన్ బిళ్ళలన్నాడు. నవదిన ప్రార్థనల ఫలితమని ఆడవాళ్ళు అన్నారు. జొవెలిన్‌కు పదింట ఎనిమిది పడుతుంటే మాత్రం అది కోచ్ పిలో నేర్పిన కాళ్ళ గొప్పేనని అందరూ ఒప్పుకున్నారు. పక్క ఊళ్ళ తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి అతను చెప్పేది నోట్లో వేలేసుకుని వినేవారు. ఆ పిల్ల కాళ్ళు నిజంగానే అంత గొప్పవి కావడం అసలు చిక్కయింది. గీత తప్పని ఒప్పుకుంటే కాళ్ళు కూడా తప్పనుకుంటారని అతనికి భయం.

ఒక మధ్యాహ్నం జొవెలిన్‌ను రెండు పాదాలు వెనక్కి జరిపి వేయమన్నాడు. పదింట ఒకటి పడింది. కోర్టు చుట్టూ కూర్చున్నవాళ్ళు నవ్వారు.

"ఇక్కణ్ణుంచి ఎందుకు వెయ్యాలి? గీత అక్కడుందిగా," అని జొవెలిన్ బంతిని గోడకేసి కొట్టింది.

"సరే, రేపు చూద్దాం," అన్నాడు పిలో. ఆ రేపు రెండేళ్ళు సాగింది.

చర్చిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనకు వెళ్ళినప్పుడు ఒకసారి అడిగాడు.

"ఫాదర్, ఒక గీత గురించి నోరు మూసుకోవడం పాపమా?"

"ఏ గీత?"

"కోర్టులో గీత. మూరెడు తక్కువుంది."

తెర అవతల ఫాదర్ రూబెన్ కుర్చీ కిర్రుమంది. "అయితే పండగ ఆటలో నేను వేసిన ఆ మూడు..."

"రెండేసి పాయింట్లే, ఫాదర్."

"పది మంగళవార్త జపాలు చెప్పుకో. కాప్‌తో నేను మాట్లాడతాను."

పిలో పదీ చెప్పుకున్నాడు. ఫాదర్ మాట్లాడలేదు.

జొవెలిన్‌కు పదిహేడు నిండాయి. లుసేనాలో ఒక కాలేజీ ఆడపిల్లల జట్టుకు ఎంపిక పెట్టింది. జట్టులో చోటు దొరికితే నాలుగేళ్ళ చదువు, బస, భోజనం కాలేజీవే. దొరక్కపోతే ఏమిటో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనవలసిన పనీ లేదు. తడిసిన రబ్బరు బూట్లతో రోజూ ఇంటికొచ్చే నేనాను చూస్తే తెలుస్తుంది.

బయలుదేరేటప్పుడు నేనా అన్నతో అంది, "కుయా, ఇది ఫ్యాక్టరీకి రాకుండా చూడు. అంతే నేనడిగేది."

అన్నగారు పసుపు చొక్కా సర్దుకుని తలూపాడు.

కాలేజీ కోర్టు చెక్క నేల అద్దంలా ఉంది. ఆడపిల్లల కోచ్ పేరు అమోర్. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఆవిడ నవ్వకుండా మాట్లాడుతుంది. గీత బయట అయిదు చోట్ల నుంచి ఒక్కొక్కరూ నాలుగేసి బంతులు వేయాలి. పిలో పైన మెట్ల మీద కూర్చున్నాడు.

జొవెలిన్ వంతు వచ్చింది. బంతి వచ్చింది. ఇసా, దలవా. గీతకు అంగుళం వెనక బొటనవేలు. ఎగిరినచోటే దిగింది. అంత అందంగా ఆ చెక్క మీద ఇంకెవరూ ఆగలేదు. బంతి రింగు ముందు అంచుకు కొట్టుకుని కింద పడింది. రెండోది కూడా ముందు అంచుకే తగిలింది. మూడోది వల కింది కొసను మాత్రం కదిపింది. జొవెలిన్ మోచెయ్యి సర్దుకుంది. మణికట్టు సర్దుకుంది. వేళ్ళు ఊదుకుంది. కాళ్ళను మాత్రం మార్చలేదు. ఇరవైలో మూడు పడ్డాయి.

కోచ్ అమోర్ దగ్గరికి పిలిచింది. "కాళ్ళు ఎవరు నేర్పారు నీకు?"

"మా తియో. అదిగో, పైన. చొక్కా మీద రాసుంటుంది."

ఆవిడ తల తిప్పి చూసింది. "ఇంత శుభ్రమైన కాళ్ళు నేను చూసి చాలా ఏళ్ళయింది. కానీ బంతి చేరట్లేదమ్మా. దూరం అలవాటు చెయ్యలేదా మీ ఊళ్ళో?"

"గీత దగ్గర్నుంచే వేస్తాను కోచ్, రోజూ మూడొందలు."

"నాకున్నది ఒక్క చోటు. జూన్ నుంచే ఆడగలిగినవాళ్ళు కావాలి." ఆవిడ కాగితంలోకి చూసి తరవాతి పేరు పిలిచింది.

జొవెలిన్ బయటికి రాలేదు. రింగు కిందికి వెళ్ళి కూర్చుని బూట్లు విప్పింది, మేజోళ్ళు విప్పింది. పక్కనున్న అమ్మాయిలు మోచేతులతో పొడుచుకుని నవ్వారు. ఆమె లేచి మడమకు వేలు ఆనిస్తూ నడవడం మొదలుపెట్టింది. పిలో పైనుంచి ఆ పాదాలతో పాటు లెక్కపెట్టాడు. ఇరవై ఆరు. ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది. అక్కడ ఆగింది. గీత ఇంకా ముందుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె తల వంచి నేల వైపు చూసింది. తరవాత మెట్ల వైపు చూసింది.

తిరుగు జీపులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఊరు సగం దూరంలో ఉండగా ఆమె నోరు విప్పింది.

"పాదం పెరగలేదు కదా."

"లేదు."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"రంగు ఆరిన రోజే."

జీపులో కోడిపుంజును ఒళ్ళో పెట్టుకున్న ముసలాయన ఒకాయన వీళ్ళిద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. జొవెలిన్ గొంతు పెంచలేదు.

"అక్కడ ప్రతిసారీ చేతినే అనుమానించాను, తియో. మోచెయ్యి మార్చాను, వేళ్ళు మార్చాను. కాళ్ళను అనుమానించలేదు. నువ్వు నేర్పినవి కదా అని."

"కాళ్ళు సరైనవే, జొవీ."

"అదే కదా నేననేది."

కాసేపటికి పిలో అన్నాడు, "ఆ చొక్కా ఇచ్చినప్పుడే నేను..."

"చొక్కా బాగుంది నీకు," అంది ఆమె. ఊరు వచ్చేదాకా బయటి చెట్లే చూసింది.

శనివారం పొద్దున్నే పిలో తాడు, తెల్ల రంగు డబ్బా పట్టుకుని కోర్టుకు వెళ్ళాడు. రింగు కింద మేకు కొట్టి, తాడు చివర కుంచె కట్టి, ఇరవై ఏడు పాదాలు లెక్కపెట్టి వంపు గీశాడు. ఆ వంపు కాప్ పేరులో అక్షరాలన్నిటినీ మోకాళ్ళ కింద నరుక్కుంటూ పోయింది. రెండో వైపు కూడా గీశాడు. మధ్యాహ్నానికి కుర్రాళ్ళు వచ్చి ఆడారు. ఒక్కడికీ పడలేదు.

"మాంగ్ పిలో, ఇదేం పని?" అన్నాడు ఒకడు. "మీ మేనకోడలికి సీటు రాకపోతే మా బుట్టలు లాక్కుంటావా?"

"ఇదే అసలు గీత. ఇది పాతదే."

"పాతది ఎవడిక్కావాలి? పడేది కావాలి."

సాయంత్రానికి బెర్తో బూడిద రంగుతో వచ్చి, పిలో కళ్ళలోకి చూడకుండా గీతను చెరిపేశాడు. కాప్ కోపపడలేదు. కోపపడి ఉంటే కాస్త ఊరటగా ఉండేది. నవ్వుతూ భుజం తట్టి, చీపురు పని నీదేనన్నాడు. వచ్చే పండగకు కోచ్ అన్న చొక్కా తన అల్లుడికి కుట్టించాడు. ఈసారి ఆకుపచ్చది.

జూన్‌లో జొవెలిన్ ఫ్యాక్టరీలో చేరింది. పనికి వెళ్ళే దారి కోర్టు మధ్యనుంచే. రోజూ ఊడుస్తున్న మావయ్యను దాటుకుంటూ వెళ్ళేది. "మంచి ఉదయం, తియో," అనేది. పెద్దవాళ్ళ చేతిని నుదుటికి ఆనించుకోవడం ఆ ఊరి మర్యాద. అది కూడా తప్పకుండా చేసేది. నుదురు చల్లగా తగిలేది. చెయ్యి వదిలి వెళ్ళిపోయేది.

ఒక ఆదివారం పూజ అయ్యాక నేనా కోర్టు అంచున అన్న పక్కన కూర్చుంది. చేతులకు పెచ్చు కత్తి గాట్లు.

"మన పిల్లని సూపర్‌వైజరు తెగ మెచ్చుకుంటోంది, కుయా."

"దేనికి?"

"తురిమే యంత్రం ముందు నేల మీద పసుపు గీతుంటుంది. అది దాటితే చెయ్యి పోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు రోజుకి పదిసార్లు తొక్కుతారు. ఇది ఎనిమిది గంటలు నిలబడ్డా బొటనవేలు గీతకి అంగుళం వెనకే ఉంటుందట. కిందికి చూడను కూడా చూడదట. ఎవరమ్మా నేర్పారు నీకు ఇలా నిలబడ్డం అని అడిగిందట ఆవిడ."

పిలో చీపురు పుల్లలు సర్దుతూ ఉండిపోయాడు. "ఏం చెప్పింది?"

"ఎవరూ నేర్పలేదందట."

నేనా లేచి ఇంటికి వెళ్ళింది. పిలో ఊడ్చుకుంటూ గీత దాకా వచ్చాడు. దాని మీద పడ్డ ఎండుటాకును కాలి వేళ్ళతో ఎత్తి అవతల పడేసి, మిగతా సగం ఊడ్చాడు.